గిగాహెర్ట్జ్ చూసి మోసపోవద్దు: ప్రాసెసర్ క్యాష్, ర్యామ్ వేగం డెస్క్‌టాప్ పనితీరును ఎలా మారుస్తాయి

డెస్క్‌టాప్ కొనేటప్పుడు ఎక్కువమంది చూసేవి రెండే అంకెలు. కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) ఎన్ని, గిగాహెర్ట్జ్ (అవి నడిచే గడియార వేగం) ఎంత. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ కంపెనీ విడుదల చేసిన రైజెన్ 7 5800ఎక్స్3డి ప్రాసెసర్ ఈ లెక్కను తలకిందులు చేసింది. అంతకుముందే మార్కెట్లో ఉన్న 5800ఎక్స్ గరిష్ఠంగా 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, కొత్తది 4.5 దగ్గరే ఆగిపోతుంది. రెండింటికీ ఎనిమిదేసి కోర్లు, వాటి డిజైన్ కూడా ఒకటే. అయినా చాలా గేముల్లో వేగం తక్కువున్న చిప్పే ముందు నిలిచింది. రెండింటికీ ఉన్న అసలు తేడా ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీలో మూడో అంచె: పాతదానిలో 32 ఎంబీ, కొత్తదానిలో 96 ఎంబీ.

అప్పటి నుంచి క్యాష్ ఎక్కువుంటే చాలా, ర్యామ్ కూడా వేగంగా ఉండాలా, రెండిట్లో దేనికి డబ్బు పెట్టాలి అన్న ప్రశ్నలు ఆగడం లేదు. వచ్చే జవాబులకేమో ఒకదానికొకటి పొంతన ఉండదు. వేగమైన ర్యామ్ వేశాక కంప్యూటర్ మారిపోయిందని ఒకరంటారు, పైసా తేడా లేదని ఇంకొకరంటారు. చాలాసార్లు ఇద్దరూ చెప్పేది నిజమే, ఎందుకంటే ఇద్దరూ చేసే పని వేరు.

క్లుప్తంగా చెప్పాలంటే

ప్రాసెసర్ కోర్‌కు కావలసిన డేటా క్యాష్‌లో దొరికితే అది పూర్తి వేగంతో పనిచేస్తుంది, దొరక్కపోతే ర్యామ్ నుంచి వచ్చేదాకా ఆగాలి. క్యాష్ పెద్దదైతే అలా ఆగాల్సిన సందర్భాలు తగ్గుతాయి, ర్యామ్ వేగమైతే ఆగిన ప్రతిసారీ పట్టే సమయం తగ్గుతుంది. కాబట్టి ఏది ఎంత లాభం ఇస్తుందన్నది ఆ ప్రోగ్రామ్ ఒక్కో క్షణంలో ఎంత డేటాను తిరగేస్తుంది, ఏ వరసలో తిరగేస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందరికీ వర్తించే ఒకే శాతం ఉండదు.

కోర్ ఎందుకు ఎదురుచూడాలి

ర్యామ్‌లో వాడేది డీర్యామ్. ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్, అంతే. అందుకే చిన్న స్థలంలో గిగాబైట్లకు గిగాబైట్లు పడతాయి, చవకగా కూడా తయారవుతుంది. కానీ ఆ కెపాసిటర్‌లో ఛార్జ్ నిలవదు, మెల్లగా కారిపోతూ ఉంటుంది, కాబట్టి కొన్ని పదుల మిల్లీసెకన్లకొకసారి మొత్తం చదివి మళ్లీ రాసుకుంటూ ఉండాలి. ఏదైనా డేటా కావాలంటే ముందు ఒక వరసను తెరవాలి, అందులోని అతి బలహీనమైన సంకేతాన్ని పెంచాలి, తర్వాత కావలసిన గడిని ఎంచుకోవాలి. ఈ తతంగానికి పట్టే సమయం ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గలేదు.

క్యాష్‌లో వాడేది ఎస్‌ర్యామ్. ఇందులో మామూలుగా ఒక్కో బిట్‌కు ఆరు ట్రాన్సిస్టర్లు. ఛార్జ్ కారిపోయే గొడవ లేదు, చదవడం చాలా వేగం. మరి ర్యామ్ మొత్తాన్ని దీనితోనే చేయొచ్చు కదా అనిపిస్తుంది. చేయలేకపోవడానికి ఖర్చు ఒక కారణమైతే, అంతకన్నా మౌలికమైన కారణం ఇంకొకటుంది: మెమరీ పెద్దదయ్యేకొద్దీ తీగల పొడవు పెరుగుతుంది, వెతకాల్సిన చోటు పెరుగుతుంది, దానితో వేగం తగ్గుతుంది. చిన్నదిగా, కోర్ పక్కనే ఉంటేనే అది వేగంగా ఉండగలదు. 16 జీబీ ఎస్‌ర్యామ్ తయారుచేసినా అది ఎల్1 క్యాష్ వేగంతో నడవదు.

ఈ సమస్య కొత్తది కాదు. ప్రధాన మెమరీకి ముందు చిన్న వేగమైన మెమరీ పెట్టాలన్న ఆలోచనను 1965లోనే బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త మారిస్ విల్క్స్ ప్రతిపాదించారు. 1968లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85 క్యాష్‌తో వచ్చిన తొలి వాణిజ్య కంప్యూటర్. డెస్క్‌టాప్ ప్రపంచంలో ఇంటెల్ 80486 ప్రాసెసర్ 1989లో 8 కేబీ క్యాష్‌ను చిప్‌లోనే పెట్టుకుని వచ్చింది. 1995 నాటికి ప్రాసెసర్ వేగం, మెమరీ వేగం మధ్య అగాధం ఎంత పెరిగిందంటే, ఇలాగే సాగితే ప్రాసెసర్‌ను ఎంత మెరుగుపరిచినా లాభం ఉండదని కంప్యూటర్ శాస్త్రవేత్తలు విలియం వుల్ఫ్, శాలీ మెకీ హెచ్చరించారు. దానికే మెమరీ గోడ అన్న పేరు స్థిరపడింది. ఆ తర్వాత వచ్చిన డెస్క్‌టాప్ ప్రాసెసర్ల చరిత్రలో సగం ఆ గోడను తప్పించుకోవడానికి పడ్డ తంటాలే.

దూరాల లెక్క

5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఒక సైకిల్, అంటే దాని గడియారం ఒక్కసారి కొట్టుకునే సమయం, 0.2 నానోసెకన్లు. కోర్‌ను ఆనుకుని ఉండే ఎల్1 డేటా క్యాష్ సాధారణంగా 32 లేదా 48 కేబీ, అక్కడి నుంచి డేటా రావడానికి నాలుగైదు సైకిళ్లు చాలు. ఎల్2 ఇప్పటి చిప్పుల్లో ఒక్కో కోర్‌కు 1 నుంచి 3 ఎంబీ దాకా ఉంటుంది, దానికి సుమారు 14 నుంచి 17 సైకిళ్లు. కోర్లన్నీ పంచుకునే ఎల్3 పదుల ఎంబీల్లో ఉంటుంది, 50 సైకిళ్లు, కొన్ని డిజైన్లలో ఇంకా ఎక్కువ. ఎల్3 దాటి ర్యామ్ దాకా వెళ్లాల్సి వస్తే సుమారు 60 నుంచి 100 నానోసెకన్లు, అంటే 300 నుంచి 500 సైకిళ్లు.

ఈ అంకెలు మరీ చిన్నవి కాబట్టి తేడా మనసుకు అందదు. ఒక సైకిల్‌ను ఒక సెకను అనుకుంటే ఎల్1 నుంచి డేటా నాలుగు సెకన్లలో చేతికొస్తుంది, ఎల్3 నుంచి ఒక నిమిషం లోపు, ర్యామ్ నుంచి ఆరేడు నిమిషాలు. ర్యామ్ నిండిపోయి ఎస్‌ఎస్‌డీ దాకా వెళ్లాల్సి వస్తే నాలుగైదు రోజులు. పాత హార్డ్‌డిస్క్ అయితే ఏడాదిన్నర. ర్యామ్ వేగం గురించి ఆలోచించేముందు ర్యామ్ సరిపడా ఉందా అని చూసుకోవాలనేది ఇందుకే. 8 జీబీ వేగమైన ర్యామ్‌తో ఉక్కిరిబిక్కిరయ్యే కంప్యూటర్ కన్నా 32 జీబీ సాధారణ ర్యామ్ ఉన్నది ఎప్పుడూ మేలు.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 100 శాతం అని కనిపిస్తే ప్రాసెసర్ పూర్తి శక్తితో లెక్కలు చేస్తోందనుకుంటారు. నిజానికి కోర్ ర్యామ్ కోసం ఎదురుచూస్తున్న సమయాన్ని కూడా ఆపరేటింగ్ సిస్టమ్ పనిచేస్తున్న సమయంగానే లెక్కేస్తుంది. ఆ నూరు శాతంలో సగానికి సగం ఊరికే నిలబడి ఉండటమే కావచ్చు, బయటికి మాత్రం తెలియదు. కోర్లు పెంచినా పని వేగం పెరగకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెండు శాతం తేడా ఎంత పని చేస్తుందంటే

క్యాష్ పనిచేయడానికి ఆధారం ప్రోగ్రాముల అలవాటే. ఇప్పుడు వాడిన డేటాను కాసేపట్లో మళ్లీ వాడతాయి, దాని పక్కనున్న డేటాను కూడా వాడే అవకాశం ఎక్కువ. అందుకే ర్యామ్ నుంచి ఒక్క బైట్ అడిగినా మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 64 బైట్ల ముక్క మొత్తం వస్తుంది. దీన్నే క్యాష్ లైన్ అంటారు.

ఒక సులువైన లెక్క చూద్దాం. క్యాష్‌లో దొరికితే 1 నానోసెకను, దొరక్కపోతే అదనంగా 80 నానోసెకన్లు అనుకుందాం. నూటికి 99 సార్లు క్యాష్‌లోనే దొరికితే సగటు సమయం 1.8 నానోసెకన్లు. 97 సార్లే దొరికితే 3.4. దొరికే రేటు తగ్గింది రెండు శాతమే, సగటు సమయం మాత్రం దాదాపు రెట్టింపైంది. క్యాష్ సైజు కొంచెం పెరిగితే కొన్ని ప్రోగ్రాముల్లో అంత మార్పు ఎందుకు వస్తుందో, మరికొన్నిట్లో ఎందుకు రాదో ఈ లెక్కలోనే ఉంది. తిరగేసే డేటా 50 ఎంబీ ఉన్న ప్రోగ్రామ్‌కు 32 ఎంబీ క్యాష్ చాలదు, 96 ఎంబీ చాలుతుంది. అదే డేటా 5 ఎంబీ అయితే రెండూ సమానమే. 5 జీబీ అయితే రెండూ చాలవు.

డేటా వరస కూడా అంతే ముఖ్యం. నాలుగు బైట్ల అంకెలున్న పెద్ద పట్టికను అడ్డ వరసల్లో చదివితే ఒక్కో క్యాష్ లైన్‌లో వచ్చే 16 అంకెలూ వాడకంలోకి వస్తాయి. అదే పట్టికను నిలువు వరసల్లో చదివితే ప్రతి అంకెకూ కొత్త లైన్ తెచ్చుకోవాలి, మిగతా 15 అంకెలు వృథా. కోడ్‌లో రెండు లూపులు అటూ ఇటూ మారితే చాలు, అదే కంప్యూటర్ మీద అదే లెక్క అనేక రెట్లు నెమ్మదించవచ్చు. ఏ ర్యామ్ కిట్ కూడా అంత తేడా తేలేదు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు హార్డ్‌వేర్ మీదికి నెట్టేసే భారం గురించి ఇంకా గట్టిగా మాట్లాడుకోవాల్సిన అవసరం ఉంది.

ఎదురుచూపును దాచడానికి ప్రాసెసర్లు కూడా తమ ప్రయత్నం తాము చేస్తాయి. ఒక ఆదేశం డేటా కోసం ఆగితే దాని తర్వాతివాటిలో సిద్ధంగా ఉన్నవాటిని ముందే పూర్తిచేస్తాయి. ఏఎండీ జెన్ 4 కోర్ ఇలా 320 ఆదేశాలను, ఇంటెల్ గోల్డెన్ కోవ్ కోర్ 512 ఆదేశాలను ఒకేసారి కళ్ల ముందు పెట్టుకోగలవు. డేటా ఒక క్రమంలో వస్తుంటే అడగకముందే తెచ్చిపెట్టే ప్రీఫెచర్లు కూడా ఉంటాయి. వీడియో ఫైల్ లాంటిదాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివే పనుల్లో ఇవి అద్భుతంగా పనిచేస్తాయి. కానీ ఒక చోట చదివితేనే తర్వాత ఎక్కడికి వెళ్లాలో తెలిసే పనుల్లో, అంటే గేముల్లో వందలాది పాత్రలు, వస్తువుల స్థితిని ఒకదాని నుంచి ఇంకొకదానికి వెతుక్కుంటూ పోయే పనుల్లో, ముందే ఊహించడానికి ఏమీ ఉండదు. పెద్ద క్యాష్ విలువ తెలిసేది అక్కడే.

1998 నాటి పాఠం

క్యాష్ లేకపోతే ఏమవుతుందో ఇంటెల్ ఒకసారి మార్కెట్‌కు స్వయంగా చూపించింది. 1998 ఏప్రిల్‌లో చవక శ్రేణి కోసం తెచ్చిన సెలెరాన్ 266లో పెంటియమ్ 2 కోరే ఉంది కానీ ఎల్2 క్యాష్‌ను పూర్తిగా తీసేశారు. ఖర్చు తగ్గింది, ఆఫీసు పనుల్లో పనితీరు కూడా పడిపోయింది, విమర్శలు గట్టిగానే వచ్చాయి. కొన్ని నెలల్లోనే, ఆగస్టులో, సెలెరాన్ 300ఏ వచ్చింది. దానిలో 128 కేబీ ఎల్2 మాత్రమే ఉంది. అప్పటి పెంటియమ్ 2లో అంతకు నాలుగు రెట్లు, 512 కేబీ ఉండేది. అయితే పెంటియమ్ 2 క్యాష్ ప్రాసెసర్ చిప్ బయట, అదే కార్ట్రిడ్జ్‌లో వేరే చిప్పులుగా ఉండి సగం వేగంతో నడిచేది. 300ఏలోని చిన్న క్యాష్ చిప్ లోపలే ఉండి పూర్తి వేగంతో నడిచేది. ఫలితంగా చవక చిప్ చాలా పనుల్లో ఖరీదైనదానికి దగ్గరగా వచ్చేసింది.

అంటే ఎన్ని ఎంబీలు అన్న అంకె సగం కథే చెబుతుంది. ఆ క్యాష్ కోర్‌కు ఎంత దగ్గరగా, ఎంత వేగంగా ఉందన్నది మిగతా సగం. ఈ రోజు కూడా రెండు కంపెనీల చిప్పుల ఎల్3 సైజులను పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పుదారి పట్టే అవకాశమే ఎక్కువ.

క్యాష్‌ను పైకి పేర్చడం

96 ఎంబీ ఎల్3 ఎలా సాధ్యమైంది? ప్రాసెసర్ చిప్ మీద 64 ఎంబీ ఎస్‌ర్యామ్ ఉన్న ఇంకో చిప్‌ను పేర్చి, మధ్యలో రాగి నుంచి రాగికి నేరుగా అతికించారు. పక్కకు పరిస్తే తీగలు పొడవయ్యేవి, పైన పేర్చడంతో దూరం చాలా తక్కువ, కాబట్టి ఎల్3 ఆలస్యం కొన్ని సైకిళ్లే పెరిగింది.

ఇలా పేర్చాల్సిన అవసరం వెనుక తయారీ రంగంలోని ఒక చిక్కు ఉంది. ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నంతగా ఎస్‌ర్యామ్ గడులు చిన్నవి కావడం లేదు. చిప్పులు తయారుచేసే టీఎస్ఎంసీ కంపెనీ 5 నానోమీటర్ పద్ధతిలో ఒక ఎస్‌ర్యామ్ గడి 0.021 చదరపు మైక్రోమీటర్లు, 3 నానోమీటర్ శ్రేణిలోని ఎన్3ఈ పద్ధతిలో కూడా అంతే. ఖరీదైన కొత్త పద్ధతిలో క్యాష్ చేస్తే స్థలమేమీ ఆదా కానప్పుడు, పాత చవక పద్ధతిలో విడిగా చేసి అతికించడమే తెలివైన పని. 5 నానోమీటర్ కోర్లున్న రైజెన్ 7000 శ్రేణిలో పేర్చిన క్యాష్ చిప్ 7 నానోమీటర్‌లో తయారైంది అందుకే.

దీనికి మూల్యం వేడి. కోర్ల పైన ఇంకో పొర కూర్చోవడంతో వేడి బయటికి పోవడం కష్టమై గడియార వేగం, వోల్టేజ్ తగ్గించాల్సి వచ్చింది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డిలో ఆ క్యాష్ పొరను కోర్ల కిందికి మార్చారు. దానితో గరిష్ఠ వేగం 5.2 గిగాహెర్ట్జ్‌కు చేరింది, పాత మోడళ్లలో ఉన్న రాజీ చాలావరకు పోయింది.

పెద్ద క్యాష్ ఆలోచన ఏఎండీతోనే మొదలు కాలేదు. ఇంటెల్ 2015లోనే కోర్ ఐ7-5775సిలో 128 ఎంబీ డీర్యామ్ చిప్‌ను ప్రాసెసర్ పక్కన పెట్టి నాలుగో అంచె క్యాష్‌గా వాడింది. అది ఎల్3 అంత వేగం కాకపోయినా ర్యామ్ కన్నా వేగం, కొన్ని గేముల్లో తన తర్వాతి తరం చిప్పులతో పోటీ పడింది.

ఇలా క్యాష్ పేర్చిన ఎక్స్3డి చిప్పులు కొన్నవాళ్లందరికీ లాభం ఉంటుందా అంటే, ఉండదు. త్రీడీ రెండరింగ్, వీడియో ఎన్‌కోడింగ్ లాంటి పనులు చిన్న ముక్కను తీసుకుని దాని మీద బోలెడు లెక్కలు చేస్తాయి. వాటికి కావలసింది కోర్లు, గడియార వేగం. అందుకే రెండరింగ్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ లాంటి పరీక్షల్లో 5800ఎక్స్3డి తన పాత తోబుట్టువు కన్నా వెనకబడింది. 7950ఎక్స్3డి లాంటి, కోర్లు రెండు చిప్పులుగా విడిపోయి ఉన్న మోడళ్లలో ఇంకో మెలిక: అదనపు క్యాష్ ఒక ఎనిమిది కోర్ల గుంపుకే ఉంటుంది, గేమ్ ఆ గుంపు మీదే నడిచేలా విండోస్, డ్రైవర్లు చూసుకోవాలి. చూసుకోకపోతే డబ్బు పెట్టి కొన్న క్యాష్ పక్కనే ఖాళీగా ఉంటుంది.

ర్యామ్ డబ్బా మీది అంకెలు

డీడీఆర్5-6000, సీఎల్30. ఇందులో డీడీఆర్5 అంటే ర్యామ్ తరం, 6000 అంటే సెకనుకు 600 కోట్ల బదిలీలు, దాన్ని మెగాహెర్ట్జ్ అనడం అలవాటైపోయింది గానీ అసలు గడియారం 3000 మెగాహెర్ట్జే. ఒక్కో గడియార చక్రంలో రెండుసార్లు డేటా పంపుతుంది కాబట్టి ఆ అంకె రెట్టింపవుతుంది. సీపీయూ-జడ్ లాంటి ప్రోగ్రామ్‌లో 3000 అని చూసి ర్యామ్ సగం వేగంతోనే నడుస్తోందని కంగారు పడేవాళ్లు చాలామంది. అది సరైన అంకే.

సీఎల్ అంటే, అప్పటికే తెరిచి ఉన్న వరస నుంచి అడిగిన డేటా రావడం మొదలవడానికి ఎన్ని గడియార చక్రాలు పడుతుందో చెప్పే అంకె. నానోసెకన్లలోకి మార్చాలంటే సీఎల్‌ను 2000తో గుణించి బదిలీల అంకెతో భాగించాలి. డీడీఆర్5-6000 సీఎల్30 అంటే 10 నానోసెకన్లు. డీడీఆర్4-3200 సీఎల్16 కూడా 10 నానోసెకన్లే. ఇరవై ఏళ్ల కిందటి డీడీఆర్-400 సీఎల్2 కూడా సరిగ్గా పదే. డీడీఆర్5 తొలి రోజుల్లో వచ్చిన 4800 సీఎల్40 కిట్లకైతే 16.7 నానోసెకన్లు. అవి కొన్న తొలి వినియోగదారులకు మంచి డీడీఆర్4 మీద గేముల్లో లాభం కనిపించకపోవడంలో వింతేమీ లేదు.

అన్నేళ్లలో పెరిగింది ఏమిటంటే ఒకేసారి మోయగల బరువు, అంటే బ్యాండ్‌విడ్త్. ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉండే 64 బిట్ల చానల్ (డేటా దారి) మీద డీడీఆర్-400 సెకనుకు 3.2 జీబీ పంపితే, డీడీఆర్4-3200 25.6 జీబీ, డీడీఆర్5-6000 48 జీబీ పంపుతాయి. 15 రెట్లు. మొదటి బైట్ చేతికి రావడానికి పట్టే సమయం మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. ర్యామ్ వేగం అన్న ఒకే మాటతో ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఈ అంశం మీద వాదనలు తెగవు. వరసగా బోలెడు డేటా కావలసిన పనికి బ్యాండ్‌విడ్త్ ముఖ్యం, అక్కడక్కడా వెతుక్కునే పనికి ఆలస్యం ముఖ్యం.

పైగా ర్యామ్ చిప్ లోపలి ఆలస్యం మొత్తం ప్రయాణంలో ఒక భాగమే. కోర్ నుంచి ఎల్3 దాటి, చిప్పుల మధ్య లింకు దాటి, ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ దాకా వెళ్లి రావాలి. 2024 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ శ్రేణిలో మెమరీ కంట్రోలర్‌ను కోర్లున్న టైల్ (ప్రాసెసర్‌లోని విడి చిప్ ముక్క) నుంచి వేరే టైల్‌కు మార్చారు. బ్యాండ్‌విడ్త్ బాగానే ఉన్నా ఆలస్యం పెరిగింది, చాలా గేముల్లో ఆ చిప్పులు ముందు తరం కోర్ ఐ9-14900కె కన్నా వెనకబడటానికి ఇది ఒక ముఖ్య కారణంగా చెప్తారు. రైజెన్‌లో కూడా మెమరీ కంట్రోలర్ వేరే చిప్‌లో ఉంటుంది. రైజెన్ 7000కు డీడీఆర్5-6000 దగ్గర ధర, వేగం బాగా కుదురుతాయని ఏఎండీయే సూచించింది. అక్కడ కంట్రోలర్ గడియారం, ర్యామ్ గడియారం సమానంగా నడుస్తాయి. దానికన్నా మరీ పైకి వెళ్తే కంట్రోలర్ సగం వేగానికి దిగాల్సి వస్తుంది, డబ్బా మీద అంకె పెద్దదైనా ఆలస్యం పెరిగి మొదటికే మోసం వస్తుంది.

ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే

వేగమైన ర్యామ్ కొని కూడా దాని వేగం వాడుకోనివాళ్లు ఆశ్చర్యపోయేంత మంది ఉంటారు. ర్యామ్ స్టిక్‌ను అమర్చగానే అది ప్రామాణిక వేగంతోనే మొదలవుతుంది, 6000 అని రాసున్న కిట్ కూడా చాలాసార్లు 4800 దగ్గరే నడుస్తుంది. బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని డబ్బా మీది వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్ ఆన్ చేయాలి. డీడీఆర్5లో అలా చేశాక మొదటిసారి బూట్ అవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మదర్‌బోర్డు ఆ సమయంలో ర్యామ్‌తో సంకేతాలు సరిచూసుకుంటూ ఉంటుంది కాబట్టి టెన్షన్ పడి పవర్ ఆపేయకూడదు. ఈ ప్రొఫైళ్లు సాంకేతికంగా ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. క్రాషులు మొదలైతే మెమ్‌టెస్ట్86 లాంటి పరీక్ష నడిపి, అవసరమైతే ఒక మెట్టు దిగడం మంచిది. ర్యామ్ తప్పులు ఫైళ్లను నిశ్శబ్దంగా పాడుచేస్తాయి, రెండు మూడు శాతం వేగం కోసం ఆ రిస్క్ తీసుకోవడంలో అర్థం లేదు.

రెండోది చానళ్లు. ఒకే 16 జీబీ స్టిక్ వేస్తే ఒకే చానల్ పనిచేస్తుంది, రెండు 8 జీబీ స్టిక్‌లు వేస్తే బ్యాండ్‌విడ్త్ రెట్టింపు. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో రెండు స్టిక్‌లను సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన పెడితే రెండూ ఒకే చానల్ మీద పడే ప్రమాదం ఉంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే గేములు ఆడేవాళ్లకు ఇది అన్నిటికన్నా పెద్ద తేడా, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ ఉండదు, కోర్లతో పాటు ఇదే ర్యామ్‌ను పంచుకుంటుంది.

రెండు మంచివైతే నాలుగు ఇంకా మంచివి అనుకోవడం మాత్రం డీడీఆర్5లో బెడిసికొడుతుంది. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు చానళ్లు రెండే, నాలుగు స్టిక్‌లు వేస్తే ఒక్కో చానల్ మీద భారం పెరిగి వేగం తగ్గించాల్సి వస్తుంది. రైజెన్ 7000కు అధికారిక హామీ రెండు స్టిక్‌లతో 5200, నాలుగుతో 3600 మాత్రమే. తర్వాత ఇంకో రెండు కొని కలుపుదాం అనుకునేవాళ్లు ఈ అంకె చూశాక మొదట్లోనే పెద్ద స్టిక్‌లు రెండు తీసుకోవడం నయం.

ఒకే కంప్యూటర్, రెండు రకాల పనులు

పెద్ద క్యాష్, వేగమైన ర్యామ్ ఒకదానికి ఒకటి బదులు కాలేని సందర్భాలు కూడా ఉన్నాయి. ఇటీవల చాలామంది సొంత కంప్యూటర్లలో నడుపుతున్న ఏఐ భాషా నమూనాలనే తీసుకుంటే, 800 కోట్ల పారామీటర్లు (లోపల దాచుకున్న అంకెలు) ఉన్న నమూనాను 4 బిట్లకు కుదిస్తే సుమారు 4.5 జీబీ ఉంటుంది. ఒక్కో టోకెన్ (మాట లేదా మాటలో ముక్క) పుట్టించడానికి ఆ మొత్తాన్నీ ఒకసారి చదవాలి. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్ మీదే నడిపితే, రెండు చానళ్ల డీడీఆర్5-6000 సిద్ధాంతపరంగా సెకనుకు 96 జీబీ ఇస్తుంది కాబట్టి గరిష్ఠంగా 21 టోకెన్లు. డీడీఆర్4-3200 అయితే 51.2 జీబీ, 11 టోకెన్లు. నిజంగా వచ్చేది ఇంతకన్నా తక్కువే. ఇక్కడ 96 ఎంబీ క్యాష్ సాయం నామమాత్రం, 4.5 జీబీ ముందు అది ఏ మూలకు? కోర్లు ఎనిమిది నుంచి పదహారు చేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అదే కంప్యూటర్ మీద ఫ్యాక్టోరియో లాంటి అనుకరణ గేమ్ నడిపితే కథ తారుమారు. అక్కడ వేలాది యంత్రాల స్థితిని ప్రతి క్షణం సరిచూడాలి, ఆ డేటా క్యాష్‌లో పట్టినంతకాలం ఎక్స్3డి చిప్ దూసుకుపోతుంది. ఫ్యాక్టరీ పెరిగి డేటా క్యాష్ దాటిపోయాక ఆ ఆధిక్యం కరిగిపోతూ ర్యామ్ పాత్ర పెరుగుతుంది. చిన్న మ్యాప్ మీద చేసిన బెంచ్‌మార్క్, పెద్ద మ్యాప్ మీద చేసినది వేరే వేరే విజేతలను చూపించడానికి కారణం ఇదే. ఫ్లైట్ సిమ్యులేటర్లు కూడా క్యాష్‌తో బాగా లాభపడతాయి. వెబ్ బ్రౌజింగ్, ఆఫీసు పనుల్లో ర్యామ్ 5200 నుంచి 6000కు మారితే మనిషికి తెలియదు. ఫైళ్లను కుదించే 7-జిప్ మాత్రం మెమరీ ఆలస్యానికి త్వరగా స్పందిస్తుంది, కాబట్టి దాని ఫలితాన్ని చూపించి కంప్యూటర్ మొత్తం వేగమైందని చెప్పడం సరికాదు.

బెంచ్‌మార్కులు చదివేటప్పుడు రిజల్యూషన్ తప్పక చూడాలి. ప్రాసెసర్ల తేడా కనిపించాలని పరీక్షించేవాళ్లు 1080పీలో, దొరికిన అతి వేగమైన గ్రాఫిక్స్ కార్డుతో కొలుస్తారు. ప్రాసెసర్‌ను పరీక్షించడానికి అది సరైన పద్ధతే. కానీ మధ్యస్థాయి కార్డుతో 4కెలో ఆడేవారికి ఆ తేడా దాదాపు మాయమవుతుంది, అక్కడ అందరూ ఎదురుచూసేది గ్రాఫిక్స్ కార్డు కోసమే. సగటు ఫ్రేముల అంకె పక్కనే ఇచ్చే 1 శాతం కనిష్ఠాలు, అంటే అతి నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం కూడా చూడాలి. ఆట మధ్యలో అకస్మాత్తుగా తడబడేది చాలాసార్లు అవసరమైన డేటా సమయానికి అందని ఫ్రేముల్లోనే కాబట్టి, క్యాష్ పెద్దదైతే సగటు కన్నా ఈ కనిష్ఠాలు ఎక్కువ మెరుగుపడే సందర్భాలు ఉంటాయి.

ధరలు పెరిగినప్పుడు

2025 రెండో సగం నుంచి డీర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల తయారీదారులు సర్వర్ మెమరీకి, ఏఐ చిప్పుల్లో వాడే హెచ్‌బీఎంకు ప్రాధాన్యం ఇవ్వడం దీనికి ప్రధాన కారణం. ఈ పరిస్థితిలో క్యాష్, ర్యామ్ మధ్య బేరం మారింది. పెద్ద ఎల్3 ఉన్న చిప్ ర్యామ్ దగ్గరికి తక్కువసార్లు వెళ్తుంది కాబట్టి ర్యామ్ నెమ్మదైనా గేముల్లో దానికి జరిగే నష్టం తక్కువ. అలాంటి చిప్ తీసుకునేవాళ్లు డీడీఆర్5-5600 సాధారణ కిట్‌తో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బును ర్యామ్ పరిమాణం మీదో గ్రాఫిక్స్ కార్డు మీదో పెట్టడం సబబుగా కనిపిస్తుంది. మామూలు క్యాష్ ఉన్న చిప్‌కు తక్కువ ఆలస్యం గల కిట్ మీద పెట్టే ఖర్చు కొంత ఫలితం ఇస్తుంది, అయినా 7200, 8000 అంటూ పైకి పోయేకొద్దీ ధర పెరిగినంతగా పనితీరు పెరగదు.

ఇప్పటికే ఉన్న కంప్యూటర్ గురించైతే కొనేముందు ఒకసారి చూసుకోవడానికి ఏ ఖర్చూ లేదు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిస్తే సీపీయూ పేజీలో ఎల్1, ఎల్2, ఎల్3 సైజులు ఉంటాయి. మెమరీ పేజీలో ప్రస్తుత వేగం, ఎన్ని స్లాట్లు వాడకంలో ఉన్నాయో ఉంటుంది. మామూలుగా వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి ఉండగా మెమరీ వాడకం 90 శాతం దాటుతుంటే కొనాల్సింది ఎక్కువ ర్యామ్, వేగమైన ర్యామ్ కాదు. స్లాట్లలో ఒక్కటే నిండి ఉంటే రెండో స్టిక్ కలపడం మొదటి పని. కిట్ మీద 6000 అని ఉండి అక్కడ 4800 అని కనిపిస్తే బయోస్‌లో ప్రొఫైల్ ఆన్ చేయాలి, అందుకు కొత్తగా ఏమీ కొననక్కర్లేదు.